డాల్ఫిన్లని చూడబోయిన రోజు

మొన్న ఆదివారం పొద్దున్నే విశాఖపట్నం నుంచి మా కోడలు ఫోన్ చేసి, వచ్చే నెల పిల్లలకి సెలవులిస్తారనీ, భిలాయిలో ఒక్కదాన్నీ కూర్చుని ఏం చేస్తాను గనక నేను కూడా రావాలనీ, ఈసారి అందరం కలిసి భీమిలి వైపు మోటారు బోటులో డాల్ఫిన్లని చూడటానికి వెళ్తున్నామనీ, నా టిక్కెట్టు కూడా తీసేశాననీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. మోకాళ్ల నొప్పులమ్మా, మీరు వెళ్లి రండి అన్నాను. మోకాళ్ల నొప్పులు అబద్ధం కాదు. కానీ ఆ మాట అంటున్నంతసేపూ నా అరచేతులకి చెమటలు పడుతూనే ఉన్నాయని ఆ పిల్లకి తెలియదు. ముప్ఫయ్యేళ్లు బడిలో పాఠాలు చెప్పి, పిల్లలు నన్ను చూసి భయపడితే లోలోపల సంతోషించిన దాన్ని, నీళ్ల పేరు చెబితే ఇలా అయిపోతానని ఎవరితోనైనా ఎలా చెప్పుకోను? మీరంతా నా ఈడువాళ్లు కాబట్టి చెబుతున్నాను.

అప్పుడు నాకు పదకొండేళ్లు. డెబ్బయిల చివరి రోజులు. మేం సెక్టర్ టూలో ఉండేవాళ్లం. నాన్న ప్లాంటులో కొలిమి దగ్గర పని చేసేవాడు. కరిగిన ఇనుము కాలవలో ఎర్రగా పారుతుంటే దాని పక్కనే నిలబడి పని చేయించే గ్యాంగుకి ఆయన పెద్ద. మోచేతుల మీద నిప్పురవ్వలు పడిన మచ్చలు నల్లగా, చిన్నచిన్నగా ఉండేవి. వాటిని లెక్కపెట్టుకుంటూ నిద్రపోవడం నాకు అలవాటు. నాన్నకి భయమనేది ఉండదని, అసలు దేవుడు ఆ పదార్థమే ఆయన ఒంట్లో వెయ్యలేదని నేను గట్టిగా నమ్మేదాన్ని.

అమ్మ అందుకు పూర్తిగా విరుద్ధం. ఆవిడది భీమునిపట్నం. మా తాతగారు అక్కడ దీపస్తంభం దగ్గర ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పెళ్లయి భిలాయి వచ్చి పన్నెండేళ్లయినా అమ్మకి ఆ ఊరంటే బెరుకు పోలేదు. రోడ్డు దాటాలంటే భయం, స్కూటరెక్కాలంటే భయం, పక్క క్వార్టరు బిహారీ ఆంటీతో మాట్లాడాలంటే భయం. హిందీ రాక, కూరలవాడితో "భయ్యా, వంకాయ్ ఆధా కిలో దేఓ" అనేది. నాన్న స్నేహితులు ఇంటికొచ్చినప్పుడు ఆ మాటని అచ్చం అమ్మ గొంతుతో అనుకరించి చూపిస్తే వాళ్లంతా పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. అమ్మ కూడా నవ్వేసి వంటింట్లోకి వెళ్లిపోయేది. నేను కూడా నవ్వేదాన్ని, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఆ ఏడాది మా సైన్సు దీదీ క్లాసులో డాల్ఫిన్ల గురించి పాఠం చెప్పి, ఇవి మనుషులకి స్నేహితులని అంటే, నేను లేచి నిలబడి మా అమ్మమ్మగారి ఊళ్లో సముద్రం నిండా ఇవే ఉంటాయని గొప్పలు పోయాను. నిజానికి ఊహ తెలిశాక నేను ఆ ఊరే వెళ్లలేదు, అమ్మ చెబితే విన్నాను. క్లాసులో ఒక్కరూ నమ్మలేదు. పోయిన వేసవి దాకా రాయ్‌పూరే చూడని పిల్లవి సముద్రమేం చూశావన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. అన్నం మానేశాను. నాన్న నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "ఇంతేనా? ఈ ఎండాకాలం నీకు చూపించే పూచీ నాది బేటీ," అన్నాడు. అందుకే తరువాత జరిగినదంతా నా వల్లనే జరిగిందని చాలా ఏళ్లపాటు అనుకున్నాను. కాదని ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే నేను ఎవరినీ అడగలేదు.

రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం చేసి, ఒరిస్సా కొండల్లో సొరంగాలు దాటి, విజయనగరంలో దిగి బస్సులో భీమిలి చేరాం. ఆ ప్రయాణం గురించి చెప్పడం మొదలుపెడితే కూజాలో నీళ్ల చల్లదనం దగ్గరే ఆగిపోతాను కాబట్టి వదిలేస్తున్నాను. బస్సు దిగి మలుపు తిరగగానే సముద్రం కనిపించింది. బడిలో పటంలో నీలంగా, కదలకుండా ఉండే సముద్రమే నాకు తెలుసు. ఇది ఊగుతోంది, రొద చేస్తోంది, ఎక్కడా ఆగడం లేదు. మా ప్లాంటు హోరు కూడా ఎప్పుడూ ఆగదు గానీ దానికో గోడ ఉంది, గేటు ఉంది. దీనికి అవేవీ లేవు. మొదటి చూపులోనే నాకు భయం వేసింది. అంత గొడవ చేసి రప్పించుకున్నాక భయమేస్తోందని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

అమ్మ మాత్రం ఊరు చేరిన మరుక్షణం మారిపోయింది. చెప్పులు విడిచేసి ఇసకలో చకచకా నడుస్తోంది, గట్టిగా మాట్లాడుతోంది. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న వాళ్లని పేరుపేరునా పలకరిస్తోంది. చిన్నప్పుడు ఏరు సముద్రంలో కలిసే చోట వాళ్లతోపాటే ఈత నేర్చుకుందట. ఆ సంగతి నాన్నకీ తెలియదు. అమ్మ అన్నా అని పిలిచే ఒకాయనకి సొంత నావ ఉండేది. నాకు మావయ్య అయ్యాడు. మర్నాడు ఆయన నావలోనే, ఆయనా ఆయన తమ్ముడూ మమ్మల్ని తీసుకెళ్లడానికి ఒప్పుకున్నారు. తాతగారు మాత్రం ఆకాశం వంక చూసి, ఎండెక్కేలోగా వచ్చేయండి, ఆ తరువాత గాలి మారుతుందని రెండుసార్లు చెప్పారు.

తెల్లవారగానే బయల్దేరాం. ఒడ్డు దగ్గర కెరటాలు విరిగే చోటు దాటడమే కష్టమట. నావ ముక్కు ఆకాశంలోకి లేచి, మళ్లీ దబ్బున కింద పడుతుంటే నేను అమ్మ ఒళ్లో మొహం దాచుకున్నాను. అది దాటాక మాత్రం అంతా నెమ్మదించింది. తెరచాప ఎత్తారు. ఒడ్డు వెంబడే దక్షిణంగా పోతున్నాం. దీపస్తంభం తెల్లగా, బొమ్మలా కనిపిస్తోంది. దానికి కొంచెం అవతల ఒలందావాళ్ల, అంటే డచ్చివాళ్ల సమాధులు, వాటి మీద సున్నం పెచ్చులూడిన గోపురాలు. ఓడలేసుకుని ఎక్కణ్ణుంచో వచ్చి ఈ ఒడ్డున వ్యాపారాలు చేసి, జ్వరాలొచ్చి ఇక్కడే పోయినవాళ్లని అమ్మ చెప్పింది. వాళ్లలో నా అంత పిల్లలు కూడా ఉన్నారంది. ఆ వెనక పావురాళ్లకొండ, ఇంకా ముందుకి పోతే ఎర్రమట్టి దిబ్బలు. ఎంతో అందమైన తీరమని ఇప్పుడు అందరూ అంటారు. నేను చూసింది తక్కువ. కూర్చున్న బల్లని రెండు చేతులతో పట్టుకుని, నావ అడుగున చేరిన నీళ్లలో నా కాళ్లకేసే చూస్తున్నాను. ఈ చెక్క కింద ఎంత లోతుందని మావయ్యని అడిగితే, ఆడపిల్లల్ని పిలిచే తమ యాసలో, మనకి అక్కర్నేదులే గుంటా అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నాన్న అప్పటికే చాలాసేపటి నుంచి మాట్లాడటం లేదు. నేను గమనించాను. పెదవులు తెల్లబడ్డాయి. ఆయన కూడా నాలాగే బల్లని పట్టుకుని కూర్చున్నాడు, కాకపోతే నాకు కనబడకుండా తొడ పక్కన పట్టుకున్నాడు. నేను చూడటం చూసి, "అరే, డరో మత్. కుఛ్ నహీఁ హోతా," అన్నాడు. నాతో ఎప్పుడూ తెలుగులో మాట్లాడే మనిషి, ప్లాంటులో కుర్రాళ్లకి భయపడకు, ఏం కాదని ధైర్యం చెప్పే గొంతుతో హిందీలో అన్నాడు. అప్పుడు నాకు నిజంగా భయం పట్టుకుంది. అంతకుముందు ఉన్నది భయమే కాదనిపించింది.

ఎర్రదిబ్బల ఎదురుగా వచ్చేసరికి అవి కనిపించాయి. ముందు ఒకటి, నల్లటి వీపు నీళ్లలోంచి గుండ్రంగా లేచి మళ్లీ మునిగింది. తరువాత రెండు, తరువాత మా చుట్టూ ఎన్నో. బుస్సుమని ఊపిరి వదిలిన చప్పుడు వినిపించేటంత దగ్గరగా వచ్చాయి. పాఠంలో బొమ్మ నవ్వుతూ ఉంటుంది. ఇవి నవ్వడం లేదు. మా నావలో సగం పొడవున్నాయి, ఎటునుంచి లేస్తాయో తెలియదు. నేను కళ్లు మూసుకున్నాను. నేను కళ్లు మూసుకోవడం నాన్న చూశాడు. ఇంత దూరం తీసుకొచ్చింది దీనికోసమే కదా, చూడకుండా పోతుందేమోనని ఆయనకి ఆత్రం పుట్టింది. తన భయం మరిచిపోయాడో, మరిచిపోయినట్టు నాకు చూపించాలనుకున్నాడో, ఒక్కసారిగా లేచి నిలబడి, అదిగో అదిగో అంటూ చెయ్యి చాచాడు. ఆ కేకకి నేను కళ్లు తెరిచాను.

"బావగారో, లెగకండి! కూకోండి!" అని వెనకనుంచి మావయ్య అరవడమూ, పక్కనుంచి ఒక పెద్ద కెరటం నావని ఎత్తడమూ ఒకేసారి జరిగాయి. నాన్న చాచిన చెయ్యి ఒక్క క్షణం గాల్లో కనిపించింది, అంతే. మనిషి లేడు.

తెరచాప ఎత్తి ఉండటం వల్ల నావ ఆగలేదు. మీకు నేను ఎలా చెప్పను, నాన్న వెనక్కి వెళ్లిపోతున్నట్టు అనిపించింది. తల కనిపిస్తోంది, మునుగుతోంది, చేతులు నీళ్లని కొడుతున్నాయి. మావయ్య చాప దించుతున్నాడు, తమ్ముడు తాడు విసిరాడు, అది అందలేదు. నాన్న నోట్లోంచి ఒక్క మాట కూడా రాలేదు. మునిగేవాళ్లు అరుస్తారనుకుంటాం. అరవరు.

అమ్మ ఎప్పుడు పట్టుకుందో, ఆవిడ చెయ్యి నా చేతిలో ఉంది. నా వేళ్లని ఎంత గట్టిగా నొక్కిందంటే, ఉంగరం గుచ్చుకుని రక్తం వచ్చింది. తరువాత ఆ చెయ్యి వదిలేసింది. కొంగు నడుముకి బిగించి దోపుకుంది.

"సెల్లీ, నువ్వొద్దే! తాడు మల్లీ ఏస్తన్నాను, ఆగు!" అని తమ్ముడు అరిచాడు.

అమ్మ వినిపించుకోలేదు. రోడ్డు దాటడానికి భయపడే మా అమ్మ సముద్రంలోకి దూకేసింది.

పదకొండేళ్ల పిల్ల బుర్రలో ఆ సమయంలో ఏమొచ్చిందో చెబితే మీరు నవ్వుతారు. మా క్వార్టరు తాళంచెవి అమ్మ కొంగుకి కట్టి ఉంది. వాళ్లిద్దరూ రాకపోతే నేను భిలాయి ఎలా వెళ్లాలి, వెళ్లినా తలుపెలా తియ్యాలి? ఏడుపు కూడా రాలేదు. నేను లేవబోతుంటే మావయ్య, "గుంటా, బల్ల గట్టిగా అట్టుకో. నెగిసేవంటే నీ ఈపు సీరేత్తాను!" అని కసిరాడు. ఆ తిట్టు నాకు ఎంత ఆసరా ఇచ్చిందో చెప్పలేను. ఎవరో ఒక పెద్దవాళ్లు ఇంకా నావలో ఉన్నారని తెలిసింది.

అమ్మ నాన్న దాకా వెళ్లింది. వెనకవైపు నుంచి వెళ్లాలని చూసింది గానీ, నాన్న ఆవిడ మెడ పట్టేసుకున్నాడు. ఇద్దరూ మునిగిపోయారు. నీళ్ల మీద ఏమీ లేదు. కొంచెం అవతల ఒక నల్లటి వీపు లేచి మునిగింది. అవి వాళ్లని తింటున్నాయనుకున్నాను. ఇప్పుడు అందరూ డాల్ఫిన్లు మునిగేవాళ్లని ఒడ్డుకి చేరుస్తాయని కథలు చెబుతారు. మా అమ్మానాన్నలకి అవి సాయమూ చెయ్యలేదు, హానీ చెయ్యలేదు. వాటి దారిన అవి వెళ్లిపోయాయి.

మళ్లీ ఇద్దరి తలలూ పైకి వచ్చాయి. అప్పుడు అమ్మ నాన్న చెంప మీద గట్టిగా కొట్టింది. ఒకసారి కాదు, రెండుసార్లు. భర్త పేరు కూడా నోటితో చెప్పని మనిషి. ఆ దెబ్బకి ఆయన పట్టు వదిలింది. వెంటనే వెనక్కి తిరిగి ఆయన జుట్టు పట్టుకుని, వెల్లకిలా లాగుతూ నావ వైపు ఈదసాగింది. తెడ్డు అందించారు, తాడు అందించారు. ముందు నాన్నని, తరువాత అమ్మని వలలో చేపల్ని లాగినట్టు లోపలికి లాగారు. నాన్న నావ అడుగున బోర్లా పడి ఉప్పునీళ్లు కక్కుతుంటే నేను ఆయన బెల్టు రెండు చేతులతో పట్టుకున్నాను. అమ్మ ఎండలో కూర్చుని, కొంగు చివర తాళంచెవి ఉందో లేదో తడిమి చూసుకుంది.

భయం అంతటితో అయిపోలేదు. తాతగారు చెప్పినట్టే గాలి మారింది. ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి కెరటాలు పొద్దున్నకన్నా రెండింతలున్నాయి. మావయ్య నావని బయటే నిలిపి, ఒక్కొక్క కెరటాన్నీ పోనిస్తూ కూర్చున్నాడు. ఒడ్డున మనుషులు కనిపిస్తున్నారు, ఎవరో చేతులూపుతున్నారు, అంత దగ్గర. అయినా వెళ్లలేం. అందర్నీ అడుగున పడుకోమన్నాడు. నా మీద అమ్మ పడుకుంది, మా ఇద్దరి మీదా నాన్న చెయ్యి వేశాడు. ఆ చెయ్యి మీద నిప్పురవ్వల మచ్చలు నా కళ్ల ముందే ఉన్నాయి. లెక్కపెడదామని చూశాను, కుదరలేదు. ఇప్పుడే అని మావయ్య కేక వేశాడు. తెడ్లు పడ్డాయి. నావ నిలువుగా లేచి, బాణంలా ముందుకి పోయి, ఇసకని గీసుకుంటూ ఆగింది. చాలాసేపటి వరకూ మాలో ఎవరూ లేవలేదు.

ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని నాన్న మావయ్యని బతిమాలాడు. నావ దిగుతూ కెరటానికి తడిసిపోయాం అన్నారు. తాతగారు అమ్మ జుట్టులో ఇసకనీ, నాన్న చెంప మీద ఎర్రటి వేళ్ల గుర్తులనీ చూసి, లోపలికెళ్లి పొడి తువ్వాళ్లు తెచ్చి ఇచ్చారు. మరో వారం ఉండాల్సిన వాళ్లం, సెలవు దొరకలేదని మూడోనాడే రైలెక్కేశాం. ఆ మూడు రోజులూ నాన్న సముద్రం వైపు కిటికీ తలుపు వేసే ఉంచాడు.

భిలాయి వచ్చాక నాన్న క్యాంప్ టూలో మనవాళ్ల కిరాణా దుకాణం దగ్గర, గేటు బయట టీ బల్ల దగ్గర, ఇంటికొచ్చిన ప్రతివాడికీ డాల్ఫిన్ల గురించి చెప్పాడు. ఎలా లేచాయి, ఎలా బుస్సుమన్నాయి, ఎంత పెద్దవి. తాను లేచి నిలబడిన చోట కథ ఆపేసేవాడు. అమ్మ టీ గ్లాసులు అందించి లోపలికి వెళ్లిపోయేది. నన్ను బడిలో చూశావా అని అడిగారు. కనబడలేదని చెప్పాను. అయితే అబద్ధాలకోరువని నవ్వారు. నవ్వనీ అనుకున్నాను.

కొన్నాళ్లు తలమీద చెంబుతో నీళ్లు పోసుకోలేకపోయాను. అది తగ్గింది. తగ్గనిది మరొకటి. అంతకుముందు నాన్న డ్యూటీకి వెళ్తే నాకు ఏ ఆలోచనా ఉండేది కాదు. నాన్న పడిపోగలడని ఆ రోజు నా కళ్లతో చూశాను. కాలవలో పారే ఎర్రటి ఇనుము పక్కన ఆయన నిలబడి ఉంటాడని, అక్కడ తాడు విసిరేవాళ్లూ దూకేవాళ్లూ ఉండరని అప్పుడు తట్టింది. వేళకాని వేళ ప్లాంటు వైపు నుంచి సైరన్ వినబడితే పుస్తకం పడేసి మా క్వార్టరు గేటు దగ్గరికి పరిగెత్తేదాన్ని. షిఫ్టు దిగి సైకిళ్లు బారులుగా వస్తుంటే, ఆయన గంట మోత వినబడే దాకా ఊపిరి తీసుకునేదాన్ని కాదు. నాన్న రిటైరయ్యే వరకూ, నాకు పెళ్లయి మరో సెక్టర్‌కి వెళ్లాక కూడా, సైరన్ వింటే అంతే.

నాన్నలో ఒక్క మార్పే నాకు కనబడింది. అమ్మ హిందీని మరెప్పుడూ అనుకరించలేదు. ఒకసారి స్నేహితుడెవరో, ఆ వంకాయ్ మాట చెప్పు గురూ అని అడిగితే, గుర్తులేదన్నాడు.

నాన్న పోయిన ఏడాదికి, ఒక మధ్యాహ్నం బియ్యంలో రాళ్లు ఏరుతూ అమ్మ తనంతట తానే ఆ ఊసు ఎత్తింది. అప్పటికి పాతికేళ్లు దాటింది.

"ఆ రోజు నేను వెంటనే దూకలేదే," అంది. "నీ చెయ్యి పట్టుకుని ఆగేను. ఇద్దరం పోతే నువ్వు ఏటైపోతావోనని. దూకకుండా ఉండిపోదామనే అనుకున్నాను. మీ నాన్న నావకేసే చూస్తన్నారు. నేను ఆగడం చూసేరు."

బియ్యంలోంచి మరో రాయి ఏరి పక్కన పడేసింది.

"ఒక్కనాడూ అడగలేదు, ఎందుకాగేవని," అంది. చేట పక్కన పెట్టి లేచి వెళ్లిపోయింది.

ఆ తరువాత నేను లెక్కలేనన్నిసార్లు ఆ క్షణం దగ్గరికి వెళ్లాను. నా వేలికి గుచ్చుకున్న ఉంగరం, అమ్మ పట్టు. ఆ పట్టు ధైర్యం కోసమనుకున్నాను, కాదు. ఎవర్ని ఉంచుకోవాలో, ఎవర్ని వదులుకోవాలో తేల్చుకోలేని చెయ్యి అది. అది నాన్నకి తెలుసు. తెలిసి కూడా పాతికేళ్లు ఆవిడ పెట్టిన అన్నం తిని, ఆవిడ ఇచ్చిన టీ తాగి, ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడు. కోపం లేకనో, తానైనా అలాగే ఆగేవాణ్ణని అనుకునో, నాకు తెలియదు.

ఈ రోజుల్లో మనుషులు జరిగింది జరిగినట్టు ఆ సాయంత్రమే చెప్పేసుకుంటున్నారు. మంచిదే. నడుముకి పట్టీ, ఒంటికి రక్షణ కోటు లేకుండా నీళ్ల మీదకి వెళ్లనివ్వడం లేదట. ఇంకా మంచిది. ప్లాంటులో సగం పని యంత్రాలే చేస్తున్నాయి. షిఫ్టు దిగే వేళకి సైకిళ్ల బారులు లేవు, వాటికోసం గేటు పట్టుకుని నిలబడే పిల్లలూ లేరు. సెక్టర్ టూలో మా క్వార్టరుకి ఇప్పుడు ఎవరో పరదాలు వేసుకున్నారు, నేను అటువైపు నుంచి వస్తే ఆగకుండానే పోతాను. తాతగారు, మావయ్య, ఆయన తమ్ముడు, నాన్న, మొన్నటేడు అమ్మ, ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆ నావలో కూర్చున్నవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. అమ్మ ఆగింది ఎంతసేపని అడుగుదామన్నా చెప్పేవాళ్లు లేరు. నాకు మాత్రం ఎప్పుడు తలుచుకున్నా అది ముందుకన్నా మరికాస్త ఎక్కువసేపే అనిపిస్తోంది.